కోడి కింద నీళ్ళ సీసా

ఆ రోజు నేను చేసిన తప్పేమిటో ముందే చెప్పేస్తాను. మా మేనత్త బావి నీళ్ళు చెడిపోయాయని వీధిలో నలుగురి ముందు నిలబడి, గొంతు సవరించుకుని మరీ ప్రకటించాను. చెడింది నీళ్ళు కాదు. ఆ సంగతి మరుసటి రోజే నాకు తెలిసిపోయింది. తెలిసిన తరువాత కూడా నాలుగు రోజుల పాటు నోరు మెదపలేదు. మొదటిది పొరపాటు, వయసు మీద తోసేయొచ్చు. రెండోది మాత్రం అచ్చంగా నాది. ఎనభైల నడిమి కాలం అది. నీటి మంచిచెడ్డలు తేల్చడానికి మా వైపు ఇళ్ళలో రెండే పరీక్షలుండేవి: నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉండకూడదు, ఎసట్లో పోస్తే కందిపప్పు మెత్తగా ఉడకాలి. ఈ రెండూ నెగ్గిన బావికి ఊళ్ళో ఎంత మర్యాదో, దాని యజమానికీ అంతే మర్యాద. కంటికి కనబడని క్రిములని ఒక జాతి ఉంటుందనీ, అవి నీళ్ళలో కాపురం చేస్తాయనీ నాబోటి కొత్త డిగ్రీ వాళ్ళు చెబితే జనం మర్యాదకు తలాడించి, వెనక్కు తిరిగి నవ్వుకునేవాళ్ళు. (ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వులో ఉన్నది క్రిముల మీద అపనమ్మకం కాదు. మా మీదే.)

తిరుపతిలో బీయస్సీ గట్టెక్కించి, ఇంట్లో కూర్చుని నాయన చూపులు తప్పించుకుంటున్న రోజుల్లో నాకు ఆ తాత్కాలిక ఉద్యోగం వచ్చింది. ఆ ఏడు వానల తరువాత పల్లెల్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు ఎక్కువయ్యాయి. ఇంటి బావుల నీళ్ళు పరీక్ష చేయడానికి కొంతమంది కుర్రవాళ్ళను తీసుకున్నారు. చిత్తూరులో మూడు రోజుల శిక్షణ. నేర్పిన పెద్దమనిషిని మేము చాటుగా సీసా సారు అనేవాళ్ళం, ఆయన చేతిలో సీసా లేకుండా మాట్లాడగా ఎవరూ చూడలేదు కాబట్టి. బొటనవేలంత లావు గాజు సీసా. అడుగున మందు పట్టించి ఆరబెట్టిన కాగితం ముక్క. గీత దాకా నీళ్ళు పోసి, మూత బిగించి, మనిషి ఒంటి వెచ్చదనంలో ఒకటిన్నర రోజు ఉంచాలి. నీళ్ళు రంగు మారకపోతే మంచివి. నల్లబడితే అందులో పేడో, మలమో ఎక్కడి నుంచో కలిసిందని అర్థం. ఇంతే. పదో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. అయితే నీళ్ళు పట్టే పాత్ర గురించిన పాఠం మూడో రోజు భోజనం తరువాత జరిగింది. ఆ పూట మెస్సులో మామిడికాయ పప్పు, నెయ్యి వేశారు. సారు పాత్రను ఎలా కడగాలో, ఎలా మరిగించాలో చెబుతున్నంత సేపూ నేను కళ్ళు తెరుచుకునే నిద్రపోయాను. ఆ విద్యలో నాకు డిగ్రీ అక్కర్లేదు.

నా వంతుకొచ్చిన పల్లెలు ఐరాల చుట్టుపక్కలవి. అందులో ఒకటి మా మేనత్త ఊరు. నాయనకు అక్క ఆమె. పిల్లలు లేరు, మామ పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. ఆయన తవ్వించిన చేదబావి ఒకటి వాకిలి పక్క దొడ్లో ఉండేది. వీధిలో మిగతా బావులన్నీ ఉప్పగా ఉంటే ఇది మాత్రం తియ్యగా పడింది. అందుకే దొడ్డి తలుపుకు అత్త ఎప్పుడూ గడియ పెట్టేది కాదు. తెల్లవారేసరికి గిలక కిర్రుమనేది, బిందెల చప్పుడు, మాటలు, తగవులు, నవ్వులు. పెళ్ళి కుదిరినా, ఆవు ఈనినా, కోడలు అలిగినా ముందు ఆ బావి గట్టు మీదే తెలిసేది. అత్త గట్టు పక్కన కూరగాయలు తరుగుతూ అందరికీ ఏదో ఒక మాట అందించేది. మామ పోయాక ఆమె ఒంటరిది కాకుండా కాపాడింది ఆ బావేనని నాకు అప్పుడు తోచలేదు. నాకు అది ఫారంలో నింపాల్సిన మొదటి గడి మాత్రమే.

"రేయ్ అబ్బోడా, నీళ్ళు కంటికి తేటగా ఉండాయి, నోటికి తియ్యగా ఉండాయి. ఇంకేం సూడాలంట మీ సారోళ్ళకు?" అంది అత్త, నా సంచీలోని సీసాలు చూసి.

"కంటికి కనపడనివి ఉంటాయత్తా. వాటిని సూడాల."

"కనపడనివాటిని ఎట్లరా సూసేది?"

నేను జాలిగా నవ్వాను. (ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎవరైనా వెనక్కు తీసుకుంటామంటే ఇచ్చేస్తాను.)

మర్నాడు శనివారం. శనివారం ఆమెకు వెంకటేశ్వరస్వామి దినం. తలకు పోసుకుని, స్వామికి నీళ్ళు చేదేదాకా బావి తాడునూ, పసుపు పూసిన ఇత్తడి బొక్కెననూ స్నానం చేయనివాళ్ళు ముట్టుకోకూడదు. నీళ్ళు కావలసిన వాళ్ళు దూరంగా పాత్ర పట్టుకుని నిలబడితే, ఆమే తగలకుండా పైనుంచి పోస్తుంది. సారేమో పొద్దున్నే, జనం ముట్టుకోకముందే నీళ్ళు పట్టమన్నాడు. దీనికి సులువైన మార్గం నేను కూడా స్నానం చేయడం. కానీ కార్తీక మాసపు చలి. పళ్ళు కూడా తోమని నేను దుప్పటి కప్పుకునే లేచివచ్చి, "అత్తా, రవ్వన్ని నీళ్ళు పొయ్యి" అన్నాను.

"దేంట్లో పోసేదిరా? ఏదన్నా తెచ్చుకోపో."

ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. వంటింట్లోకి పోవాలంటే మళ్ళీ స్నానం సంగతి వస్తుంది. గోడవారగా ఒక బకీటు బోర్లించి ఉంది. తీసి చూశాను, కడిగినట్టే ఉంది. పట్టుకున్నాను. అత్త నా వైపు ఒకసారి, బకీటు వైపు ఒకసారి చూసి, ఏదో అనబోయి ఆగి, పైనుంచి నీళ్ళు పోసింది. అందులోంచి సీసా గీత దాకా ముంచి, మూత బిగించి, వీధి పేరు, ఇంటి గుర్తు చీటీ మీద రాసి అంటించాను. చేతిరాత ముత్యాల్లా వచ్చింది. ఆ సీసాలో సక్రమంగా ఉన్నది ఆ చీటీ ఒక్కటే.

ఇక వెచ్చదనం. చిత్తూరులో దానికి కరెంటు పెట్టె ఉంది. అత్త ఇంట్లో కరెంటు బల్బే మిణుకుమనేది. పొయ్యి పక్కన పెడితే వేడెక్కువ, గడ్డివాములో పెడితే ఎలుకలు. అప్పుడు నా కళ్ళు గంపలో పొదుగుతున్న పెట్ట మీద పడ్డాయి. మనిషి ఒంటి వేడికి కాస్త ఎక్కువే అయినా, రేయింబవళ్ళు ఒకే తీరుగా ఉంటుంది, సెలవు పెట్టదు. సీసాను గుడ్డముక్కలో చుట్టి మెల్లగా దాని కిందకు తోశాను. పెట్ట రెండుసార్లు నా చేతిని పొడిచి, తరువాత ముక్కుతో సీసాను లోపలికి లాక్కుని సర్దుకుంది.

ఈ వార్త టిఫిన్ల వేళకు వీధి దాటింది. కారణం ఎదురింటి పోస్టాఫీసక్క. (ఆమెకు పోస్టాఫీసులో ఉద్యోగమేమీ లేదు. ఉత్తరం కంటే ముందు కబురు చేర్చేది కాబట్టి ఆ పేరు.) బిందె చంకన పెట్టుకుని వచ్చి గంపలోకి తొంగిచూసింది.

"ఏమత్తా, మీ అల్లుడు కోడి కింద సీసా పెట్టినాడంటనే? పిల్లసీసాలు ఎన్ని దినాలకు దిగతాయి?"

"నాకేం తెలుసే? సదువుకున్న కోడి, సదువుకున్న అల్లుడు. వాళ్ళూ వాళ్ళూ సూసుకుంటారు" అంది అత్త.

ఆదివారం సాయంకాలం సీసా తీసేటప్పటికి పది మందికి తక్కువ కాకుండా పోగయ్యారు. వెనకింటి బెల్లం మామ అరుగు మీద కూర్చున్నాడు. చెరకు గానుగ ఆడించి బెల్లం వండే పెద్దాయన ఆయన. మా అత్త బావి నీళ్ళు తాగాక వేరే నీళ్ళు తాగితే తన బెల్లమే చేదనిపిస్తుందని అందరికీ చెప్పేవాడు. గుడ్డ విప్పాను. సీసా నల్లగా, కాటుకలా ఉంది. దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నాను. విచారంతో కాదు. నిజం చెప్పాలి, సంతోషంతో. నా మొదటి పరీక్ష పని చేసింది! ఊపులో మూత కూడా విప్పాను. కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది.

"కోడి కింద పెడితే గుడ్డు వాసన రాకుండా మల్లెపూల వాసన వస్తాదా అప్పా?" అన్నాడు బెల్లం మామ, ముక్కు మూసుకుని.

అందరూ నవ్వారు. ఆ నవ్వు దగ్గర ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అరుగెక్కి నిలబడ్డాను. ఈ నీళ్ళలో క్రిములున్నాయనీ, తాగితే పిల్లలకు ప్రమాదమనీ, ప్రభుత్వం పరీక్షలో తేలిందనీ పుస్తకాల భాషలో ఉపన్యాసం ఇచ్చాను. నవ్వులు ఆగిపోయాయి. పోస్టాఫీసక్క చంకలోని నిండు బిందె వైపు చూసుకుంది. పాలు తాగే మనవడున్నాడు ఆమెకు. నీళ్ళు అరటిచెట్టు మొదట్లో పోసి, ఖాళీ బిందెతో వెళ్ళిపోయింది. అత్త మాత్రం ఆ సీసాను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళి దీపం వెలిగించుకుంది.

సోమవారం పొద్దున అలికిడికి లేచి వాకిట్లోకి వచ్చాను. గిలక చప్పుడు కాదు అది. అత్త పేడముద్దను నీళ్ళలో కలిపి వాకిట్లో కల్లాపి చల్లుతోంది. ఆమె చేతిలో ఉన్నది నేను శనివారం పట్టుకున్న బకీటు. ఎన్నో ఏళ్ళుగా ప్రతి పొద్దూ పేడనీళ్ళు కలిపి, పైపైన కడిగి బోర్లించే కల్లాపి బకీటు. మామిడికాయ పప్పు మత్తులో వినని పాఠం మొత్తం ఆ క్షణంలో నాకు ఒక్క మాట పొల్లుపోకుండా వినిపించింది.

అప్పుడే చెప్పేయొచ్చు. 'అత్తా, తప్పయిపోయింది' అంటే అయిపోయేది. కానీ చిత్తూరుకు కాగితం ముందు రాత్రే చివరి బస్సులో పంపేశాను. ఉద్యోగం పోతే నాయన ముఖం ఎలా చూడాలి? పైగా పేడ బకీటులో నీళ్ళు పట్టి పరీక్ష చేసిన శాస్త్రవేత్త అని ఐరాల దాకా చెప్పుకుంటారు. రేపు చెబుతాననుకున్నాను. రేపటికి మళ్ళీ రేపు వచ్చింది. ఈ లోపల వీధి ఆడవాళ్ళు దూరంగా చేలలో ఉన్న మోటారు దగ్గరికి బిందెలు మోసుకుని పోవడం మొదలుపెట్టారు. అత్త ప్రతి పొద్దూ దొడ్డి తలుపు బార్లా తీసేది. గట్టు పక్కన పీట వేసుకుని, తరగాల్సినవి రెండే వంకాయలైనా వాటిని ఎంతసేపో తరిగేది. కాకి వాలినా గిలక కదిలిందేమోనని తలెత్తేది. నేను ఇంట్లోనే కూర్చుని ఫారాలు నింపుతున్నట్టు నటించేవాణ్ణి.

గురువారం ఎండవేళ బెల్లం మామ మోటారు దగ్గర నుంచి కడవ భుజాన పెట్టుకుని వస్తూ, రొప్పు ఆగక మా వాకిట్లో దించాడు. అత్త గబగబా చెంబుతో నీళ్ళు తెచ్చి చాపింది. వచ్చిన మనిషికి నీళ్ళివ్వడం ఆమెకు ఊపిరి తీసినంత అలవాటు. ఆయన చెంబు వైపు చూశాడు. దాహంతో పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"వద్దులేమ్మా. ఇంటి కాడికి పోయి తాగతాలే. ఎంత దూరం" అన్నాడు, చాలా మెత్తగా.

చెంబు కాసేపు అలాగే గాలిలో ఉండిపోయింది. ఆయన వెళ్ళిపోయాక అత్త ఆ నీళ్ళు తనే తాగేసింది. తాగి, చెంబు బోర్లించి, కొంగుతో ముఖం తుడుచుకుంది. అది మూతి తుడుచుకోవడం కాదని చూసిన నాకు తెలుసు.

శుక్రవారం మొదటి బస్సుకు చిత్తూరు పోయాను. సీసా సారు అంతా విన్నాడు. చేతిలోని సీసాను తొలిసారి బల్ల మీద పెట్టాడు.

"సీసా నిజం చెప్పేదానికి ఒకటిన్నర దినం పట్టింది. నీకు నాలుగు దినాలు పట్టిందా? నీకంటే అదే మేలు గదయ్యా!" అన్నాడు. నేను రాజీనామా కాగితం కూడా జేబులో పెట్టుకుపోయాను. ఆయన దాన్ని చూడకుండానే రెండు కొత్త సీసాలు నా చేతిలో పెట్టాడు. "ఒక దాంట్లో బావి నీళ్ళు, మరిగించిన గిన్నెతో పట్టు. రెండో దాంట్లో అవే నీళ్ళు, మీ కల్లాపి బకీటులో పోసి పట్టు. వీధి ముందర పట్టు. వీధి ముందరే విప్పు."

మధ్యాహ్నానికి ఇల్లు చేరి, వంటింటి గడప దగ్గర కూర్చుని అత్తకు చెప్పాను. బియ్యంలో రాళ్ళేరుతున్న ఆమె తల ఎత్తలేదు.

"నాకు తెలుసు లేరా."

"తెలుసా? ఎప్పటి నుంచి?"

"ఆ పొద్దు నువ్వు కల్లాపి బకీటు పట్టుకున్నప్పుడే సూసినా. సారోళ్ళ పరీచ్చ గదా, పేడనీళ్ళు సోకితేనే తెలుస్తాదేమో, సదువుకున్నోడికి నేనేం సెప్పేది అనుకుంటి. సీసా నల్లగైనాక తెలిసిపోయింది, ఇది అబ్బోడి తెలివేనని."

"మరి వీధిలో వాళ్ళకు చెప్పొచ్చు కదత్తా! ఊరికే ఎందుకుండావు?"

"ఏమని సెప్పేది? మా తమ్ముని కొడుకు పేడకూ నీళ్ళకూ తేడా తెలీనోడనా? నీకు కొత్త ఉద్యోగం. నలుగురూ నిన్ను సూసి నగితే రేపు వేరే ఊళ్ళో నీ మాట ఎవురు వింటారు?" రాయి ఒకటి ఏరి అవతల పడేసింది. "బావి యాడికీ పోదు లేరా, ఈడనే ఉంటాది. వాళ్ళే వస్తారు అనుకుంటి."

నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు మళ్ళీ శనివారం. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం చేశాను. (చలికి నా పళ్ళ చప్పుడు విని పక్కింటివాళ్ళు తమ తలుపు ఎవరో తట్టారనుకున్నారట.) వీధి వీధంతా ఇల్లిల్లూ తిరిగి నేనే పిలిచాను. అరుగెక్కలేదు. కింద, గట్టు పక్కన నిలబడి, పేడ బకీటు సంగతి, మూసుకున్న నోటి సంగతి, రెండూ చెప్పాను. ముందుగా పోస్టాఫీసక్క మొదలుపెట్టింది నవ్వడం. అది ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ నవ్వుల మధ్యనే రెండు సీసాలూ పట్టాను. వెచ్చదనం సమస్య మళ్ళీ వచ్చింది. పెట్ట అప్పటికే గంప దిగి పిల్లలతో పెరడంతా తిరుగుతోంది. ఎంత బతిమాలినా మళ్ళీ గంపెక్కలేదు. ఇక వేరే దారి లేక ఆ రెండు సీసాలనూ నా పొట్టకు ఆనించి తువ్వాలుతో బిగించి కట్టుకున్నాను. ఒకటిన్నర రోజు నేనే కోడిని. వంగకుండా తిన్నాను, బోర్లా పడుకోకుండా నిద్రపోయాను. దారిన పోయే ప్రతివాళ్ళూ ఆగి, "గుడ్డు కదిలిందా అప్పా?" అని అడిగి మరీ పోయారు.

ఆదివారం సాయంకాలం అదే వాకిట్లో తువ్వాలు విప్పాను. బకీటు నీళ్ళ సీసా కాటుక. బావి నీళ్ళ సీసా, పోసిన నాటి తేటదనంతోనే ఉంది. బెల్లం మామ రెండింటినీ వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. నేరుగా అత్త దగ్గరికి పోయి దోసిలి పట్టాడు. "పొయ్యమ్మా. వారం దినాలు ఆ మోటారు నీళ్ళతో ఎట్లనో బతికినా." అత్త పోసింది. ఆయన తాగుతూనే ఉన్నాడు, ఆమె పోస్తూనే ఉంది.

కథ అక్కడితో అయిపోతే నేను చవగ్గా తప్పించుకున్నట్టే. అయినా మర్నాడు పొద్దున దొడ్డి తలుపు తీసి చూస్తే రెండు బిందెలే వచ్చాయి. సీసా తేటగా ఉన్నంత మాత్రాన మనసులు అంత తొందరగా తేటపడవు కదా. అందుకని ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కల్లాపి నేనే చల్లుతానని అత్తకు చెప్పాను. ఆ రోజుల్లో మగవాడు, అందులోనూ ప్యాంటు వేసుకునే బీయస్సీ, వాకిట్లో పేడనీళ్ళు చల్లి ముగ్గు వేయడమంటే సర్కసు వచ్చినట్టే. చూడటానికి మూడు వీధుల ఆడవాళ్ళు వచ్చారు. ఊరికే వస్తే బాగుండదని బిందెలు పట్టుకుని వచ్చారు. వచ్చాక నింపుకోకుండా పోలేరు కదా. నా మొదటి ముగ్గు చూసి బెల్లం మామ, "ఇదేందప్పా, తేలు కాళ్ళు సాపుకుని సచ్చినట్టుండాది" అన్నాడు. నాలుగో రోజుకు గిలక మళ్ళీ తెల్లవారుజాము నుంచే కిర్రుమనడం మొదలైంది. నా ముగ్గులు మాత్రం కుదురుకోలేదు. అత్త వాటిని ఒక్కసారి కూడా చెరపలేదు. నేను లోపలికి పోయాక వచ్చి, కలవకుండా వదిలేసిన చోట ఒక గీత గీసి కలిపి పోయేది.

ఊరు వదిలే రోజున ఎర్ర రంగు డబ్బా తెచ్చి ఆ బకీటు చుట్టూ పెద్ద పట్టీ వేశాను, నాబోటివాడు ఇంకొకడు వస్తే తెలియాలని. తరువాత ఆ ఉద్యోగంలో చంద్రగిరి వైపు, ఏర్పేడు వైపు ఎన్ని బావులు చూశానో లెక్క లేదు. ప్రతి ఇంట్లోనూ సంచీలోంచి సీసా తీయకముందు ఆ ఇంటావిడను ఒకటే అడిగేవాణ్ణి: "అమ్మా, మీ ఇంట్లో కల్లాపి బకీటు ఏది?" ఆమె వింతగా చూసేది. అప్పుడు గడప దగ్గరే కూర్చుని, కోడి దగ్గర నుంచి మొదలుపెట్టి ఈ కథంతా చెప్పేవాణ్ణి, అరుగెక్కిన సంగతి కూడా దాచకుండా. వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వుతూనే లోపలికి పోయి, బాగా మరిగించిన గిన్నె తెచ్చి నా చేతికిచ్చేవాళ్ళు.